టోపీ పొట్టోడి వీపు

"నా ఇంటి బొమ్మ ఈపు తీసి గ్రూపులో పెడతావా వొదినా? ఇది న్యాయమేనా నీకు?"

"ఈపు ఉండింది, తీసినా. లేనిదాన్ని తెచ్చి పెట్టినానా?"

"ముందర అంత సక్కటి మొగం పెట్టుకోనుండాడు వాడు. ఎర్ర టోపీ, తెల్ల గడ్డం, చేతిలో లాంతరు. అదంతా నీ కండ్లకు ఆనలేదా? ఎనక్కి పోయి తీస్తావా?"

"మొగం నువ్వు తీసినావు గదా. ఇద్దరం మొగమే తీస్తే ఒగరి ఫోటో దండగ."

"నా ఇజ్జత్ తీసినావు పో."

"నేను తీయలే. రంగేసినోడు తీసినాడు. ముందర పక్క పూసి ఎనక పక్క సిమెంటు అట్లే ఇడిసిపెట్టినాడు. తెచ్చుకునేటప్పుడు తిప్పి సూసుకోవాల నువ్వు."

"బొమ్మను ఎవరన్నా తిప్పి సూస్తారా?"

"మేము సూస్తాం."

"అంత బాధుంటే నువ్వే వచ్చి పుయ్యి రంగు!"

"నా దగ్గర రంగేమన్నా బాయిలో ఊరుతాందా?"

ఫోన్లో అవతల ఠపీమని పెట్టేసిన చప్పుడు. ఇప్పటి ఫోన్లకు చప్పుడు రాదు, కానీ మా వియ్యపురాలు పెట్టేస్తే వస్తుంది. పక్కన మగ్గం గుంటలో కూర్చున్న మా ఆయన పోగు తోసే నాడె ఆపి తల పైకెత్తి చూశాడు. "బొమ్మ ఈపుకే ఇంత రంపు అయితే..." అని ఏదో అనబోయి, నా మొహం చూసి, మళ్ళీ నేతలో పడ్డాడు.

వియ్యపురాలు ఉండేది ఆదోనిలో, మేముండేది ఎమ్మిగనూరులో. ఆమె కూతురూ మా కొడుకూ కర్నూలులో ఉద్యోగాలు చేసుకుంటారు. వాళ్ళకు ఒక్కతే కూతురు, ఎనిమిదో తరగతి. మా ఇద్దరికీ కలిపి ఉన్నది ఆ ఒక్క మనవరాలు. ఆమెను అవ్వా అంటుంది, నన్ను జేజీ అంటుంది. పిలుపులు రెండున్నా పిల్ల ఒక్కతే కావడంతో వచ్చిన తగాదా ఇది.

దసరా సెలవుల్లో సగం ట్యూషన్ మింగేసింది. మిగిలినవి ఐదు రోజులు. "ఐదు రోజులకు రెండిండ్లు తిరిగితే బస్సులోనే సరిపోతుంది. ఒక్క చోటే ఉంటా" అని పిల్ల తేల్చి చెప్పింది. అంతకు ముందు రెండు సెలవులూ ఆదోనికే పోయింది. పోక ఏం చేస్తుంది? అక్కడ మిద్దె మీద తోట ఉంది. తోటలో రోడ్డు పక్కన పోతపోసి అమ్మేవాళ్ళ దగ్గర కొన్న సిమెంటు బొమ్మలున్నాయి. నోరు తెరిచి నవ్వే కప్ప, రెండు బాతులు, గొడుగంత పుట్టగొడుగు, వీళ్ళందరికీ పెద్దగా నిలబడ్డ ఎర్ర టోపీ మరుగుజ్జు. వాణ్ణి వియ్యపురాలు "తాతయ్య" అంటుంది. నేను టోపీ పొట్టోడు అంటాను. మా ఇంట్లో ఏముంది? ఒక గుంట మగ్గం, దొడ్లో ఒక సొరపాదు, పైన ఎండ.

"నాకేం, ఎక్కడున్నా అన్నమే తింటుంది" అని నేను అందరి ముందూ అన్నాను. అంటూనే పిల్ల పడుకునే పరుపు తీసి ఎండలో వేశాను. మర్నాడు తిప్పి వేశాను. మూడో నాడు దులిపి మళ్ళీ వేశాను.

"పరుపుకు జరమొచ్చిందేమే, దినామూ ఎండలో పండబెడతాండావు?" అన్నాడు మా ఆయన.

"నల్లులుంటాయని" అన్నాను. మా ఇంట్లో నల్లులు లేవు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఎవరింటికి పోవాలన్న మాట మీద మేమిద్దరం ఫోన్లో నాలుగు రోజులు సాగదీశాక, పిల్లే మధ్యలోకి వచ్చి పందెం పెట్టింది. అప్పటికి కొన్నాళ్ళుగా దానికి ఫోటోల పిచ్చి పట్టి ఉంది. స్నేహితురాళ్ళంతా వారానికొక మాట అనుకుని, ఆ మాటకు తగ్గ ఫోటో తీసి పంపుకుంటారట. దానికి చాలెంజ్ అని పేరు.

"మీరిద్దరూ కొట్లాడుకోవద్దండి" అంది పిల్ల. "మూడు చాలెంజ్‌లు ఇస్తా. ఒకటి తోటబొమ్మ. రెండు నీడ. మూడోది తర్వాత చెప్తా. మా అపార్ట్‌మెంట్లో ఐదుగురు ఫ్రెండ్స్ ఉండారు. ఏ ఫోటో ఎవరు తీసినారో చెప్పకుండా వాళ్ళకు చూపిస్తా. ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్ళింటికి వస్తా."

"నేను రెడీ" అంది వియ్యపురాలు. ఆమె పొద్దున లేస్తే ఒక మందారపువ్వుకు నలభై ఫోటోలు తీసే మనిషి. ఫోన్ నిండిపోయిందని నెలకోసారి అల్లుడికి, అంటే మా కొడుక్కి, ఫోన్ చేసి ఏడుస్తుంది.

"నాకూ ఒక షరతు ఉంది" అన్నాను నేను. "ఒగరికి ఒగటే ఫోటో. పంపింది పంపిందే. బాగలేదని మార్చేది లేదు, ఇంగోటి పంపేది లేదు."

"అదేంది వొదినా, సరిగ్గా రాకపోతే?"

"రాకపోతే పోనీ. నా పెండ్లి ఫోటో ఒక్కటే తీసినారు. కండ్లు మూసుకుపోయినాయి. గోడకు తగిలించుకోలేదా?"

నిజమే. ఆదోనిలో స్టూడియోకి పోయి దిగాం. ఫ్లాష్ వెలిగేసరికి నేను కళ్ళు మూశాను. ఇంకొకటి తీయమంటే ఇంకొకటి తీస్తానన్నాడు స్టూడియో ఆయన, దానికి వేరే ఇవ్వాలన్నాడు. మా మామ లేచి "చాల్లేప్పా, మొగం తెలుస్తాంది గదా" అన్నాడు. ఇన్నేళ్ళుగా ఆ ఫోటో మా మగ్గం పైన గోడకే ఉంది. చూసినవాళ్ళకు మా ఆయన ఒకటే చెబుతాడు: "కండ్లు మూసుకొని చేసుకునింది. తెరిచి చూసుంటే నాకు దొరికేది కాదు."

షరతుకు అందరూ ఒప్పుకున్నారు. పంపింది పంపిందే అన్న మాట పెట్టింది నేనే. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత పనిపడుతుంది.

తోటబొమ్మ అన్నారు గానీ నా దగ్గర తోటా లేదు, బొమ్మా లేదు. కొనే పని అసలే లేదు. సొరపాదు పందిరికి దిష్టి కోసం తలకిందులుగా కట్టిన పగిలిన కుండ ఒకటుంది. దానికి సున్నంతో కళ్ళు పెట్టి తీద్దామనుకున్నాను. కానీ పందిరి కింద నిలబడి ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. బొమ్మ నాదే కావాలని పిల్ల అనలేదు కదా.

వియ్యపురాలి స్టీలు డబ్బా ఒకటి మా ఇంట్లో రెండు నెలలుగా ఉంది. ఊరగాయ పెట్టి పంపింది. డబ్బా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కాబట్టి శనక్కాయ విత్తనాలు వేయించి నింపాను. ఆదోని బస్సెక్కాను. ఆడవాళ్ళకు టికెట్టుకు డబ్బు తీసుకోని కాలం వచ్చింది కాబట్టి ఆ మాత్రం దూరానికి ఆలోచించే పని లేదు. కండక్టరు సున్నా వేసిన చీటీ చేతికిచ్చాడు. దాన్ని కూడా పారేయలేదు, వెనక వైపు ఖాళీగా ఉంటుంది, పాల లెక్క రాసుకోవచ్చు.

వియ్యపురాలు నన్ను చూసి నిజంగానే సంతోషపడింది. ఎన్ని అన్నా ఆమెది పెద్ద మనసు. బొరుగుల ఉగ్గాని చేసింది, మిరపకాయ బజ్జీలు వేసింది. నేను తిని, "ఎండలో కొంచెం మిద్దె మీద తిరుగుతా, కాళ్ళు పట్టేసినాయి" అన్నాను. "పో వొదినా, టీ పెట్టి తెస్తా" అంది.

మిద్దె మీద టోపీ పొట్టోడు పిట్టగోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. ముందు నుంచి చూస్తే బాగానే ఉన్నాడు. కానీ మా ఇంట్లో ఎవరికైనా గుడ్డ చేతికొస్తే మొదట చేసే పని తిప్పి చూడటం. వెనక నూలు ముళ్ళున్నాయా, పోగు తెగి అతికారా, కొసలు వేలాడుతున్నాయా అన్నీ అటువైపే తెలుస్తాయి. నలభై ఏళ్ళుగా నా పని అదే. ఆయన నేస్తే నేను తిప్పి చూసి, ముళ్ళు విప్పి, కొసలు కత్తిరించి, మడత పెడతాను. ఆ చేత్తోనే పొట్టోడి భుజాలు పట్టి గోడ దగ్గర్నుంచి కొంచెం ఇవతలకు జరిపి, తిప్పాను.

వెనక చొక్కా లేదు. టోపీ ముందు సగమే ఎర్రగా ఉంది, వెనక సగం బూడిద. నడుము దగ్గర సిమెంటు నునుపు చేసినవాడి నాలుగు వేళ్ళ గుర్తులు అట్లాగే ఉన్నాయి. వాడు పాపం ముందు ఇంత ఠీవిగా లాంతరు పట్టుకుని, వెనక ఉత్త ఒంటితో, ఎవరూ చూడకూడదని గోడకు ఆనుకుని నిలబడినట్టు ఉన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఫోన్ తీసి, ఊపిరి బిగబట్టి, ఒక్కటే తీశాను. మళ్ళీ తిప్పి గోడకు ఆనించి, కిందికి వచ్చి టీ తాగాను.

"బొమ్మలు బాగుండాయా వొదినా?" అని అడిగింది.

"ముందర బాగుండాయి" అన్నాను. అబద్ధం చెప్పలేదు.

ఆ వారం ఆమె కూడా పొట్టోడినే పంపింది. మెడలో కనకాంబరాల దండ, కాళ్ళ దగ్గర దీపం, పక్కన గులాబీ కుండీ. పెళ్ళికొడుకులా ఉన్నాడు. నాది వీపు. ఐదుగురు పిల్లల్లో నలుగురు నాదానికే ఓటేశారు. ఒకమ్మాయి "పాపం వాడికి చలేస్తాది, ఎవరన్నా చొక్కా ఇయ్యండి" అందట. దాన్ని పిల్ల మా ఇంటి వాట్సాప్ గ్రూపులో రాసింది. ఆ తర్వాతే వియ్యపురాలి ఫోన్. మొదట రాసిన కొట్లాట అదే.

రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మా ఆయన మాత్రం నేను గుడ్డ తిప్పి చూసినప్పుడల్లా "చలేస్తాదే దీనికి" అని నవ్వేవాడు.

రెండోది నీడ. ఇందులో నేను ఓడిపోవడానికి కారణం నా పొదుపు అని మా కొడుకు అంటాడు. నా పని అని నేనంటాను. పొద్దున వెలుతురు బాగుండే వేళ నేను నూలు కండెలు చుట్టాలి. ఫోటో కోసం పని ఆపడం నాకు చేతకాదు. పన్నెండు గంటలకు తీరిక దొరికింది. దొడ్లోకి పోయి నా నీడ కోసం చూస్తే లేదు. ముందూ లేదు, వెనకా లేదు, పక్కనా లేదు. తలొంచి చూస్తే కాళ్ళ కింద నక్కి కూర్చుంది. ఉన్నదాన్నే తీశాను. ఫోటోలో రెండు పాదాలు, హవాయి చెప్పులు, కుడి చెప్పుకు తెగిన చోట నేను వేసిన ఇనుప తీగ కుట్టు స్పష్టంగా పడ్డాయి. నీడ ఉందంటే ఉంది.

వియ్యపురాలు పొద్దున్నే పిండి జల్లెడ తీసుకుపోయి మిద్దె మీద ఎండకు ఎదురుగా వేలాడగట్టింది. గోడ మీద వెలుగు చుక్కలు చుక్కలుగా పడింది. దాని మధ్యలో ఆమె చెయ్యి నీడ నెమలి తలలాగా. బాగుంది. బాగున్నదాన్ని బాగుందనాలి. ఐదు ఓట్లూ ఆమెకే. నా ఫోటో చూసి ఒక పిల్ల "ఇది చెప్పుల చాలెంజా?" అని అడిగిందట.

"ఏం వొదినా" అని అప్పుడు ఫోన్ చేసింది వియ్యపురాలు, గొంతులో పండగ పెట్టుకుని. "నీ చెప్పుకు ముందర పక్కా రంగు లేదే!"

"కుట్టు గట్టిది సూడు" అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వుతో మాటలు కలిశాయి గానీ పందెం మాత్రం చెరొకటి అయింది. మిగిలింది ఒక్కటే.

మూడోదాన్ని పిల్ల వీడియో కాల్‌లో చెప్పింది. "అబ్‌స్ట్రాక్ట్."

"అంటే ఏంది పాపా?"

"అంటే జేజీ, చూసినోళ్ళకు అది ఏందో తెలియకూడదు. కానీ ఇంకా చూడాల అనిపించాల."

"తెలియనిదాన్ని ఫోటో ఎందుకు తీయాల? కండ్లలో పొర వచ్చినోళ్ళకు అన్నీ అట్లే కనపడతాయి. ఆపరేషన్‌కు ముందర మీ జేజినాయనకు ఊరంతా అబ్‌స్ట్రాక్టే."

"అవునమ్మా" అన్నాడు మగ్గం గుంటలోంచి ఆయన. "మీ జేజి గూడా శానా అందంగా కనపడుతుండె."

పిల్ల పడీ పడీ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నాలుగు రోజులే గడువు. నలభై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నదానికి ఏమిటో తెలియని వస్తువు ఆ ఇంట్లో ఏముంటుంది? గంజి మీద కట్టిన పొరను చూశాను. అది గంజే. సొరకాయ కోసి లోపల చూశాను. గింజలే. తడి గచ్చు మీద సబ్బు నురగ చూశాను. సబ్బు ఎక్కువ పోశానే అని బాధ కలిగింది తప్ప ఇంకేమీ అనిపించలేదు. పరుపు నాలుగోసారి ఎండలో వేశాను.

మూడో రోజు సాయంత్రం పిల్ల మళ్ళీ వీడియోలో వచ్చింది. ఏదో మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగింది.

"జేజీ, నీ ఎనకాల అది ఏంది?"

తిరిగి చూశాను. దండెం మీద మిగులు గుడ్డ ఉంది. చీరలు, దుప్పట్లు నేశాక కండెల్లో రంగు రంగుల నూలు కొంచెం కొంచెం మిగులుతుంది. దాన్ని పారేయకుండా, ఇంట్లో కప్పుకోవడానికని మా ఆయన ఏడాదికొకటి ఇట్లాంటి గుడ్డ నేస్తాడు. నాలుగు వేళ్ళు పసుపు, రెండు వేళ్ళు నీలం, తర్వాత ఎరుపు, ఏ కండె చేతికొస్తే అది. రంగు మారిన ప్రతి చోటా పోగుల కొసలు వెనక వైపుకు వేలాడతాయి. ఆ గుడ్డ ముందురోజే మగ్గం దిగింది. వెనక వైపు పైకి ఉండేట్టు దండెం మీద పడి ఉంది. కొసలు ఇంకా కత్తిరించలేదు.

"వాన పడతాన్నట్టు ఉంది! కాదు, పై నుంచి చూస్తే చేన్లు ఉన్నట్టు ఉంది! జేజీ, అదే తియ్యి. దగ్గరకు పోయి తియ్యి. ఇప్పుడు వెలుతురు లేదు, రేపు పొద్దున ఎండలో తియ్యి. సరేనా?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "అవ్వకు చెప్పొద్దు నేను చెప్పినానని."

అప్పుడే నాకు అర్థమైంది, పిల్లకు ఈసారి ఎక్కడికి రావాలని ఉందో. పైకి మాత్రం "సరేలే, సూస్తా" అన్నాను. ఆ సాయంత్రం వంటలో ఉప్పు రెండుసార్లు వేశానని మా ఆయన చెప్పాడు.

మర్నాడు పొద్దున తొందరగా పని ముగించాను. ఎండ దొడ్లోకి వచ్చింది. గుడ్డ తెచ్చి దండెం మీద వెనక వైపు కనపడేట్టు సరిగ్గా పరిచాను. ఫోన్ చేతిలోకి తీసుకుని చూశాను. కొసలన్నీ బిక్కు బిక్కుమంటూ వేలాడుతున్నాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పసుపు కొస నీలం మీద పడి ఉంది. ఒక చోట ముడి కూడా ఉంది.

ఇది కర్నూలుకు పోతుంది. ఐదుగురు ముక్కూ మొహం తెలియని పిల్లలు చూస్తారు. వాళ్ళు వాళ్ళ అమ్మలకు చూపిస్తారు. మా ఇంటి నేత. ఇట్లా కొసలు వేలాడుతుండగానా?

ఫోన్ పక్కన పెట్టాను. చిన్న కత్తెర తెచ్చుకుని, గుడ్డ ఒళ్ళో వేసుకుని, గంటసేపు కూర్చున్నాను. ఒక్కొక్క కొసా నేత దగ్గరికి కత్తిరించాను. ముడి విప్పి, పోగు లోపలికి దోపాను. తడి చేత్తో రాసి నునుపు చేశాను. అరచేతిలో పెట్టి చూస్తే వెనకా ముందూ తేడా తెలియకుండా అయింది. అప్పుడు పరిచి, ఊపిరి బిగబట్టి, ఒక్కటే ఫోటో తీసి పంపాను. మనసుకు హాయిగా అనిపించింది.

మధ్యాహ్నం ఐదుగురి మాటలూ గ్రూపులో వచ్చాయి. నా ఫోటో కింద వరసగా ఇట్లా ఉంది: టవల్. టవల్. దుప్పటి. టవల్. మా నాన్న టవల్.

వియ్యపురాలు జొన్నరొట్టెలు తట్టే నల్లబండను తీసింది. రొట్టె తీశాక బండ మీద మిగిలిన పిండి, మధ్యలో గుండ్రంగా ఖాళీ, చుట్టూ ఆమె వేళ్ళ గీతలు. ఒకరు చంద్రగ్రహణం అన్నారు. ఒకరు కన్ను అన్నారు. ఒకరు బావిలోకి తొంగిచూసినట్టుంది అన్నారు. రొట్టె అని ఒక్కరూ చెప్పలేదు. ఐదు ఓట్లు.

సాయంత్రం వీడియోలో ముగ్గురం ఉన్నాం. పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"జేజీ, ఆ పోగులన్నీ యాడికి పోయినాయి?"

"కత్తిరించినా."

"ఎందుకు?"

"యాలాడుతాంటే ఎవరన్నా ఊరుకుంటారా పాపా? నలుగురు సూసేది."

"అదే గదా ఫోటో! ఆ పోగులే గదా!"

వియ్యపురాలికి విషయం అర్థమైంది. పిల్ల నాకు ముందే చెప్పిందని కూడా అర్థమైంది. కోపం వస్తుందనుకున్నాను. ఆమె మాత్రం "కత్తిరించిన పోగులు పారేసినావా వొదినా?" అని అడిగింది.

"పారేసేదెట్లా? సీసాలో ఏసినా."

"ఏదీ, సూపించు."

మా ఇంట్లో వంటగది గూట్లో ఒక గాజు సీసా ఉంది. కత్తిరించిన కొసలన్నీ దాంట్లో వేస్తాను. నిండితే దిండులో కూరుతాను. మళ్ళీ మొదటి నుంచి నింపుతాను. తెచ్చి ఫోన్ ముందు పెట్టాను. మూత వైపు కాక, అడుగు వైపు ఫోన్‌కు తిరిగింది. గాజు అడుగున ఇన్నాళ్ళ రంగులన్నీ సుళ్ళు సుళ్ళుగా ఒత్తుకుని ఉన్నాయి. అంతకు ముందు నేనెప్పుడూ దాన్ని అటు వైపు నుంచి చూడలేదు. అన్నీ తిప్పి చూసే మనిషిని, దాన్ని తిప్పలేదు.

పిల్ల కేక పెట్టింది. "అదే! జేజీ, అదే! తియ్యి, ఇప్పుడే తియ్యి!"

"తియ్యి వొదినా" అంది వియ్యపురాలు కూడా. "మళ్ళా ఓట్లు ఏయించుకుందాం. నేనేమీ అనుకోను."

సీసా నా చేతిలోనే ఉంది. ఫోన్ ఎదురుగా ఉంది. లోపల గదిలో నాలుగుసార్లు ఎండిన పరుపు ఉంది. ఒక్క నొక్కు నొక్కితే చాలు. మా ఆయన నాడె ఆపి నా వైపే చూస్తున్నాడు.

"పంపింది పంపిందే అని అంటిని" అన్నాను. "అన్నది నేనే. నాకు ఒక న్యాయం, మీకు ఒక న్యాయం ఉండదు."

"జేజీ..."

"రేపు పొద్దున ఆదోనికి పో. మీ అవ్వ గెలిచింది. బాగా తీసింది. రొట్టెలు గూడా బాగా చేస్తాది, నేర్చుకో."

ఫోన్ పెట్టేశాను. సీసా గూట్లో పెట్టబోతే అక్కడ ఎప్పటినుంచో ఉన్న చిన్న డబ్బా చేతికి తగిలింది. కిటికీ చువ్వలకు వేయగా అడుగున మిగిలిన నీలం రంగు. మూత తీసి పుల్లతో కలిపి చూశాను. అంచుల్లో గట్టిపడుతోంది, మధ్యలో ఇంకా మెత్తగానే ఉంది.

మా ఆయన గుంటలోంచి లేచి వచ్చి పరుపు మడతపెట్టడంలో ఒక చెయ్యి వేశాడు. మామూలుగా ఆయన ఏ పనికీ చెయ్యి వేయడు.

"ఒక్క ఫోటోకు ఏమౌతుండె?" అన్నాడు.

"ఏమీ కాకపోతుండె" అన్నాను. "ఆ రంగు రెండు దినాల్లో రాయి అయిపోతాది. దండగైపోతాది."

"ఏ రంగు?"

డబ్బా ఆయన చేతికిచ్చాను. ఆయన మూత తీసి చూసి, పాత కుంచె ఒకటి వెతికి కిరసనాయిలులో నానబెట్టాడు.

మర్నాడు పొద్దున పని ముగించుకుని ఆదోని బస్సెక్కాను. సంచిలో రంగు డబ్బా, కుంచె, సీసా. నేను పోయేసరికి కర్నూలు బస్సు దిగి పిల్ల కూడా వచ్చి ఉంది. వియ్యపురాలు ఉగ్గాని పెడుతూ "ఏం వొదినా, పొద్దున్నే?" అంటే డబ్బా తీసి చూపించాను, సీసా పిల్ల చేతిలో పెట్టాను. ముగ్గురం మిద్దె ఎక్కాం. ఆమె పొట్టోడి భుజాలు పట్టి తిప్పి, కదలకుండా పట్టుకుంది. నేను టోపీ వెనక సగం వేశాను, చొక్కా వీపు మీద పై నుంచి కిందికి వేసుకుంటూ వచ్చాను. వేళ్ళ గుర్తుల దగ్గరికి వచ్చేసరికి రంగు అయిపోయింది. అక్కడ అట్లాగే వదిలేశాం. ముందు ఎరుపు, వెనక నీలం. పిల్ల ఎన్ని ఫోటోలు తీసిందో నేను లెక్కపెట్టలేదు. ఆరేదాకా వాణ్ణి ముట్టుకోకూడదు కాబట్టి ఆ రోజు అక్కడే ఉన్నాను.